సర్ ఆర్థర్ కాటన్ దొరయు, మన సీమ కాలువయు

ఒక దేశపు సంపదను ఖజానాలోని ధనమును బట్టి మాత్రమే లెక్కింపరాదు. నేల, నీరు, అడవి, గని అను నాలుగును దాని నిజమైన మూలధనము. భారతదేశమువంటి విశాలదేశమున ఈ నాలుగును సమృద్ధిగా నున్నను, ఒక్క సంవత్సరముననే ఒక సీమలో వరదయు వేఱొక సీమలో కఱవును కానవచ్చుచుండును. కావున ఉన్నదానిని వ్యర్థము గాకుండ వాడుకొను నేర్పే ముఖ్యము. ఆ నేర్పునకై తన జీవితమును ధారవోసినవాడు సర్ ఆర్థర్ కాటన్ దొర. గోదావరి తీరమున ఆయన పేరెఱుగని యిల్లు లేదు. మన కుందూలోయకు నీరు తెచ్చిన కాలువతో ఆయనకు గల సంబంధమును మాత్రము మనలో ననేకు లెఱుగరు.

కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లాండులో జన్మించెను. ఆడిస్‌కోంబ్ సైనికవిద్యాలయమున జదివి, చెన్నపురి ఇంజనీర్ల దళమున జేరి, 1821లో మనదేశమునకు వచ్చెను. కావేరి, కొళ్ళిడము నదులపై పనిచేయుచు, చోళుల కాలపు కల్లణను శ్రద్ధతో బరిశీలించెను. రాతిపునాది దొరకని యిసుకలో ఆనకట్ట యెట్లు నిలుచునో ఆయన పూర్వపు తమిళ శిల్పుల పనిని జూచి నేర్చుకొనెను. ఆ ఋణమును దాచుకొనక బహిరంగముగ నంగీకరించుట ఆయన గుణములలో నొకటి.

1832-33లో నందన కఱవు తెలుగుదేశమును పీడించెను. గోదావరినీరు సముద్రము పాలగుచుండగా దాని తీరవాసులే ఆకలిచే మడియుచుండిరి. ఈ విపరీతమును మాన్పుటకై కాటన్ 1844లో ఆనకట్టకు నివేదిక వ్రాసెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నిలిచిన ఆ కట్ట కఱవుసీమను అన్నపూర్ణగా మార్చెను.

ఆయన దృష్టి ఒక్క నదితో నాగలేదు. దేశమందలి నదులను కాలువలచే గలిపి, వానిచే పొలములు తడుపుటయు పడవలు నడపుటయు జేయవలెనని ఆయన యాశయము. ఆ యాశయమునుండియే 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పుట్టెను. కర్నూలునకు ఎగువ సుంకేసులయొద్ద తుంగభద్రకు ఆనకట్ట గట్టి, కృష్ణా పెన్నా పరీవాహముల నడిమి మిట్టను మిట్టకందాలవద్ద ద్రవ్వి దాటించి, ఆ నీటిని కడపవఱకు గొనిపోయిరి. కొంతదూరము కుందూనదియే కాలువపని జేయును. రాజోలి ఆనకట్టవద్ద నీరు మరల కాలువలోనికి మళ్లును. సుమారు 190 మైళ్ల యీ కాలువయే కర్నూలు-కడప కాలువ.

కాని గోదావరియందలి ఫలితము ఇచ్చట వెంటనే కలుగలేదు. వ్యయము అంచనాను మించిపోయెను. మన రేగడినేల వానతడిని చిరకాలము నిలుపుకొనును. మంచి యేడున జొన్నయు ప్రత్తియు కాలువనీరు లేకయే పండును. అట్టి రైతు నీటితీరువ చెల్లించి నీరు గొనుటకు ముందునకు రాలేదు. నీరు పాఱుచున్నను పొలము లెండుగనే యుండెను. 1876-78 నాటి ధాత కఱవు వచ్చినపుడు ఆ నీటి విలువ జనులకు దెలిసెను. కంపెనీ మాత్రము నిలువలేక, 1882లో కాలువను ప్రభుత్వమునకు విక్రయించెను.

కాటన్ వ్యతిరేకులకు ఇది గొప్ప యాయుధమయ్యెను. రైలుమార్గములకు జేసిన వ్యయములో కొంతయైన నీటికి జేయవలెనని ఆయన వాదించుచుండెను. రైలు ధాన్యమును మోయగలదు గాని పండింపజాలదని ఆయన మతము. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను కఠినముగ బ్రశ్నించెను. ఆయన తన వాదమును విడువలేదు. వార్ధక్యమునను లోతుగ దున్నిన నేలలో గోధుమ నెట్లు పెంచవచ్చునో తన యింటియొద్ద పరీక్షించుచుండెను. 1899 జూలై 24వ తేదీన డార్కింగు పట్టణమున దివంగతుడయ్యెను.

నేడు కర్నూలు-కడప కాలువ క్రింద సుమారు 2,65,000 ఎకరముల ఆయకట్టు కలదు. బచావత్ న్యాయమండలి దీనికి 39.9 టి.యం.సీ.ల నీటిని కేటాయించినది. ఒకనాడు గొనువారు లేని నీటికై యిపుడు కాలువ తుదినున్న రైతు ఎదురుచూచుచున్నాడు.

బాలబాలికలారా! ఈ చరిత్రయందు రెండు పాఠములు గలవు. నీటిని వృథాగ బోనిచ్చుట ప్రజలయెడల జేయు అపరాధమని కాటన్ గోదావరియొద్ద చూపెను. నీటిని దెచ్చినంతమాత్రమున పని ముగియదనియు, నేల స్వభావమును, రైతు లెక్కను, పంపకమందలి న్యాయమును గూడ విచారింపవలెననియు మన కాలువ చూపినది. రేపు ఇంజనీర్లును అధికారులును రైతులును గాబోవు మీరు ఈ రెంటిని గలిపి గ్రహింతురుగాక.