వీణ ధనమ్మాళ్

క్షేత్రయ్య పదాలకు పుట్టినిల్లు కృష్ణాజిల్లాలోని మువ్వ గ్రామమైతే, మెట్టినిల్లు తమిళదేశం. 17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కొలువులో ఆదరం పొందిన ఆ తెలుగు పదాలు, రాజ్యాలు అంతరించిన పిమ్మట, విద్యనే జీవనంగా చేసుకొన్న కొన్ని కుటుంబాలవారి కంఠాలలో నిలిచాయి. అట్టి కుటుంబాలలో ఎన్నదగినది మద్రాసు జార్జిటౌనులోని వీణ ధనమ్మాళ్ కుటుంబం. ఆమె మహావైణికురాలని సంగీతజ్ఞులందరూ ఎరుగుదురు. తల్లిగా, అమ్మమ్మగా ఆమె ఆ విద్యను ఎట్లు కాపాడిందో తెలుసుకొనడం తెలుగువారమైన మనకు మరింత అవసరం.

ధనమ్మాళ్ 1867లో జన్మించింది. అమ్మమ్మ కామాక్షి తంజావూరుకు చెందిన నర్తకి. తల్లి గాయని, శ్యామశాస్త్రి కుమారుడైన సుబ్బరాయశాస్త్రి వద్ద శిక్షణ పొందిన విదుషి. ఆ వంశంలో విద్య తల్లినుండి కూతురికి సంక్రమించేది. వంశక్రమం సైతం తల్లి వైపునుండియే లెక్కింపబడేది. కనుక ఆ ఇంట తల్లి అనగా అన్నం పెట్టే తల్లి మాత్రమే కాదు, గురువు కూడ. బాలిక ధనమ్మాళ్ మొదట గాత్రం నేర్చింది. తరువాత వీణ పట్టినా ఆ గాత్రమే ఆమె వాదనకు ప్రాణమైంది. అంధుడైన బాలదాసు అనే గాయకుని వద్ద ఆమె క్షేత్రయ్య పదాలను నేర్చుకొన్నది. ధర్మపురి సుబ్బరాయర్ రచించిన తెలుగు జావళీలు కూడ ఆ కుటుంబానికి సొత్తయినాయి.

ఆమె వీణావాదనంలో ఆర్భాటం లేదు. మృదంగం తోడు కోరక, మీటులకు గోళ్లనే ఉపయోగించి, మెల్లని నాదంతో వాయించేది. ఒక్కొక్కప్పుడు వాయిస్తూనే సన్నని గొంతుతో పాడేది. శుక్రవారం సాయంకాలాలలో ఆమె ఇంట జరిగే కచేరీకి నగరంలోని రసికులు, విద్వాంసులు చేరేవారు. నిశ్శబ్దంగా కూర్చుంటేనేగాని ఆ నాదం వినబడేది కాదు. అందుచేత వినేవారికి కూడ అది ఒక శిక్షణ అయింది.

పదం పాడడం సులభసాధ్యం కాదు. నడక చౌకం, మాట కొద్ది, భావం మెండు. రాగంలోని ప్రతి గమకం మాటలోని అర్థానికి ఒదిగి ఉండాలి. తొందరపడితే రాగమూ చెడుతుంది, భావమూ చెడుతుంది. స్వరం వ్రాసుకొన్నంత మాత్రాన పట్టుబడే విద్య కాదిది. ఏండ్ల తరబడి దగ్గర కూర్చుండి విని నేర్వవలసినది. ధనమ్మాళ్‌కు నలుగురు కుమార్తెలు: రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి. నలుగురూ గాయనులే. తల్లి తాను పొందిన నిధిని వారికి అట్లే అందించింది.

ఆమె కాలం ఆ కుటుంబాలకు కష్టకాలం. 19వ శతాబ్దం చివర మద్రాసు రాజధానిలో నాట్యకచేరీలకు వ్యతిరేకంగా ఉద్యమం తలయెత్తింది. మన కందుకూరి వీరేశలింగం ఆంధ్రదేశంలో దానికి నాయకత్వం వహించారు. స్త్రీలను దుఃస్థితినుండి తప్పించాలన్న ఆ సంకల్పం గొప్పది. కాని దురాచారంతోపాటు విద్యను కూడ లోకం అనుమానంతో చూడసాగింది. శృంగారపదాలు నేర్వడమే తప్పన్న భావన ప్రబలింది. ధనమ్మాళ్ వాదానికి దిగి జయించిన మనిషి కాదు. ఆమె చేసినది ఒక్కటే: పదాన్ని మార్చలేదు, మానలేదు. ఆ పదంలోని శృంగారానికి సంగీతగాంభీర్యమే తగిన సమాధానమని ఆమె ఇంటి సంప్రదాయం నిరూపించింది.

వృద్ధాప్యంలో ఆమె చూపు కోల్పోయింది. ధనం పేరులోనే గాని ఇంట నిలువలేదు. ఆర్థికంగా ఎన్నో ఇబ్బందులు పడింది. అయినా వీణ విడువలేదు. 1938లో కన్నుమూసింది. ఆమె వాదనం కొద్దిపాటి గ్రామఫోను రికార్డులలో మాత్రమే మిగిలింది.

అసలు మిగిలినది ఆమె మనుమరాండ్రలో. కామాక్షి కుమార్తెలు బృంద, ముక్త పదగానంలో సాటిలేనివారని పేరు పొందారు. జయమ్మాళ్ కుమార్తె బాలసరస్వతి 1925లో, ఏడేండ్ల ప్రాయంలో, కాంచీపురంలో తొలిసారి నాట్యమాడింది. దేవాలయాలకు బాలికలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ తరువాత కూడ బాలసరస్వతి తన విద్యను గౌరవంతో నిలబెట్టింది. తల్లి జయమ్మాళ్ పాడగా కూతురు అభినయించిన క్షేత్రయ్య పదాలు రసికులకు మరపురానివైనాయి. 1960 తరువాతి దశకంలో ఆమె నాట్యాన్ని జపాను, అమెరికా, బ్రిటను దేశాలవారు సైతం చూశారు. మద్రాసు సంగీత అకాడమీ 1973లో బాలసరస్వతికి, 1976లో బృందకు సంగీత కళానిధి బిరుదమిచ్చి సత్కరించింది. బాలసరస్వతి సోదరుడు విశ్వనాథన్ అమెరికాలో వేణువును, కర్ణాటక సంగీతాన్ని బోధించాడు. 2010లో తపాలాశాఖ ధనమ్మాళ్ స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.

పాఠశాలలో క్షేత్రయ్యను గూర్చి చెప్పేటప్పుడు మనం ఆయన ఊరు, కాలం, ముద్ర చెప్పి ఊరుకొంటాము. ఆ పదం మన చెవిదాకా ఎట్లు వచ్చినదో కూడ విద్యార్థులకు చెప్పడం ఉచితం. నాయకరాజుల కొలువు పోయినా, లోకం ముఖం తిప్పుకొన్నా, ఒక తల్లి తన బిడ్డలను కూర్చుండబెట్టుకొని మాటమాటకూ రాగం నేర్పింది. తెలుగు పదానికి అంతటి సేవచేసిన ఆ తల్లి జార్జిటౌనులోని ఒక ఇంట జీవించిందని మన పిల్లలు తెలుసుకోవాలి.