సెకన్లు లెక్కపెట్టిన జమీందారు

విశాఖలో ఎ.వి.ఎన్. కాలేజీ తెలియనివారుండరు. ఆ పేరు గల అంకితం వెంకట నరసింగరావు గారేం చేశారంటే మాత్రం చాలామంది నోరెళ్లబెడతారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1827లో పుట్టారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. మామగారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో డాబాగార్డెన్స్‌లో వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన పోయాక ఆ భారం అల్లుడిమీద పడింది. నరసింగరావు గారు ఉద్యోగం వదిలి ఆకాశాన్ని పట్టుకున్నారు. 1868 సూర్యగ్రహణాన్ని, 1874 శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు.

బుధుడు సూర్యబింబాన్ని దాటే వేళలనూ ఆయన నమోదు చేశారు. సెకన్లకింత పట్టింపెందుకంటారా? పలుదేశాల్లో పోగైన అటువంటి వేళల్నిబట్టే, బుధుడి నడక న్యూటన్ లెక్కకు లొంగడం లేదని 1859లో లెవెర్రియే తేల్చాడు. తేడా నూరేళ్లకు సుమారు 43 వికలలే! 1915లో ఐన్‌స్టీన్ దాన్ని విప్పాడు.

2017 ఆగస్టు 17న, రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న కబురు సుమారు 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి భూమిని చేరింది. ముందు గురుత్వ తరంగాలు, సుమారు 1.7 సెకన్ల వెనక గామా కిరణాలు. గురుత్వానికీ కాంతికీ వేగం వేరన్న ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు చాలావరకు దాంతో కొట్టుకుపోయాయి. తీర్పు చెప్పింది అక్కడా సెకన్లే.

నరసింగరావు గారు 1892లో కన్నుమూశారు. బుధుడి చిక్కు వీడడం ఆయన చూడలేదు. జవాబు ముందే పెట్టుకుని ల్యాబులో రీడింగులు దిద్దే మన కుర్రాళ్లకు ఇంతకంటే ఏం చెప్పను? కనబడింది కనబడినట్టు రాయండి. దాని విలువ రేపటివాళ్లు తేలుస్తారు.