దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు

పరిశుద్ధత యనగా లోకమును విడిచి యేకాంతమునఁ గూర్చుండుట యని కొందఱు తలంతురు. ఆ తలంపు సరికాదని తమ నడవడిచేఁ జూపిన మహనీయులొకరు మన తొర్రూరున్న మహబూబాబాదు జిల్లాలోనే, దోర్నకల్లులో, నివసించిరి. వారే వేదనాయగము శామ్యూలు అజరయ్యగారు. వారి చరిత్రమును మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును సంగ్రహముగాఁ దెలుపఁ గోరెదము.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదిని తిరునెల్వేలి మండలమందలి వెల్లాలన్‌విలై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగముగారు సంఘ గురువు. వీరు మదరాసు క్రైస్తవ కళాశాలలోఁ జదివి, 1895 మొదలు వై.యం.సి.ఎ. కార్యదర్శిగాఁ బనిచేసిరి. సువార్త వ్యాప్తికై భారతీయులే తమ ధనమును తమ సేవకులను సమర్పింపవలెనని తలంచి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ముఖ్యులైరి.

ఇతరులను పొమ్మనుట సులభము. తాము పోవుట కష్టము. అజరయ్యగారు గౌరవముగల పట్టణోద్యోగమును విడిచి 1909లో నిజాము రాజ్యములోని దోర్నకల్లునకు వచ్చిరి. మాతృభాష తమిళమైనను తెలుఁగు నేర్చి, ఎడ్లబండిమీఁదను సైకిలుమీఁదను పల్లెలు తిరిగి, ఊరివెలుపల నుండిన మాల మాదిగల నడుమ బోధించిరి.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభయందు వీరు ప్రసంగించిరి. పాశ్చాత్య మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, వారు భారతీయ సేవకులను సమానులైన స్నేహితులుగా నెంచుట లేదని స్పష్టముగాఁ జెప్పిరి. కొందఱు నొచ్చుకొనిరి. అయినను వారు సత్యమును దాఁచలేదు. పిమ్మట మిషనరీలతోఁ గలసి పనిచేయుటయు మానలేదు. నొప్పి కలిగించు సత్యమును పగలేని మనస్సుతోఁ బలుకుట పరిశుద్ధత కాదా?

1912 డిసెంబరు 29న కలకత్తాలో వీరికి బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయుఁడు వీరే. పదవి హెచ్చినను పల్లెలను మఱువలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివాఁడును సువార్తకు సాక్షి కావలెనని బోధించిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు పిశాచములతోఁ బోరాడుమనిరి. సంఘములోఁ గులభేదము నిలువరాదని పట్టుపట్టిరి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపఁబడిన దోర్నకల్లు దేవాలయమును గుమ్మటములతోను స్తంభములతోను ఈ దేశపు శిల్పరీతిని కట్టించిరి. 1945 జనవరి 1న పరమపదించిరి. సంఘైక్యమునకై 1919 నుండి వీరు పడిన ప్రయాస 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించెను. దానిని వారు కన్నులారఁ జూడలేదు.

విద్యార్థులారా, ప్రార్థనకాలమున మోకరించుట మంచిదే. కాని భోజనపంక్తిలో ఎవని ప్రక్కఁ గూర్చుండుటకు మనము సంకోచింతుమో, అచ్చటనే మన పరిశుద్ధత పరీక్షింపఁబడును. తల్లిదండ్రులారా, త్రాగుడును అప్పును విడిచిన గృహమే బిడ్డలకు మొదటి దేవాలయము. అజరయ్యగారి దేవాలయమును చూడఁబోవు వారు ఈ మాటను మనస్సున నుంచుకొందురు గాక.