పదునైదు నిమిషములని వచ్చిన వైద్యుడు

ధ్యాన భాగము: 2 కొరింథీయులకు 1:3-7



మేము నందికొట్కూరు ప్రాంతపు సంఘములను దర్శించునప్పుడు అనేకులైన తల్లులు, భార్యలు మమ్మును వాకిటనే ఆపి, ఇంటి మగవాడు త్రాగుడు మానునట్లు ప్రార్థించుమని మెల్లగా అడుగుదురు. మేమును ప్రార్థించితిమి, ప్రసంగ పీఠమునుండి త్రాగువారిని గద్దించితిమి. గద్దింపు విన్నవాడు మరుసటి ఆదివారము ఆలయమునకు రాలేదు. మద్యము దుకాణమునకు మాత్రము మానక వెళ్లెను. మా లోపము మాకు తెలిసినది. అందుచేత ఈ నెల ఒక వైద్యుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

రాబర్ట్ స్మిత్ 1879 ఆగస్టు 8న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమందు భక్తిగల తలిదండ్రులకు జన్మించెను. కళాశాల దినములలోనే త్రాగుడు అలవడెను. దానివలన చదువు కుంటుపడినను, 1910లో వైద్యపట్టము పొంది, ఒహాయో రాష్ట్రపు ఏక్రన్ పట్టణములో స్థిరపడి, శస్త్రవైద్యుడాయెను. 1915లో ఆన్ అను భక్తురాలిని వివాహమాడెను.

పగలు చేతుల వణకు ఆగుటకు మత్తుమందు, రాత్రియైనచో మద్యము. ఇట్లు సంవత్సరములు గడచెను. భార్యకు కనబడకుండ బొగ్గుల గదిలో సీసాలు దాచుచుండెను. 1920లో ఆ దేశమంతట మద్యనిషేధము వచ్చినప్పుడు తనకు విడుదల కలుగునని తలంచెను గాని, వైద్యులకు మందు పేరిట మద్యము దొరకుచునే యుండెను. మన రాష్ట్రమందును 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారాయిపై ధైర్యముగా పోరాడగా, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది తొలగింపబడెను. చట్టము దుకాణమును మూయగలదు; లోపలి దాహమును మూయలేదు.

1933 మొదలుకొని ఈ వైద్యుడు భార్యతో కూడ ఒక క్రైస్తవ సహవాసపు కూటములకు వెళ్లెను. వేదము చదివెను, ప్రార్థించెను. అయినను రెండేండ్లకు పైగా త్రాగుచునే యుండెను. తన రహస్యమును అడిగి తెలిసికొనగలవాడు, తనవంటివాడు, ఆయనకు ఇంకను ఎదురుపడలేదు.

1935 మే నెలలో విలియం విల్సన్ అను వ్యాపారి న్యూయార్కు నుండి ఏక్రన్‌కు వచ్చెను. అతడు త్రాగుడు మాని అయిదు నెలలే అయినది. వచ్చిన పని చెడిపోయెను. హోటలులో ఒక ప్రక్క మద్యశాల సందడి, మరియొక ప్రక్క పట్టణపు ఆలయముల పేర్ల పట్టిక. మరియొక త్రాగుబోతుతో మాటలాడినగాని తాను నిలువజాలనని ఎరిగి, అతడు వాల్టర్ టంక్స్ అను పాదిరికి ఫోను చేసెను. ఆ పాదిరి విసుగుకొనక కొందరి పేర్లు చెప్పెను. అట్లు వెదకగా వెదకగా, స్మిత్ వైద్యుని కొరకు ప్రార్థించుచున్న హెన్రియెటా సైబర్లింగ్ అను సహోదరి దొరకెను.

మే 12, ఆదివారము సాయంత్రము, ఆమె యింట ఇద్దరును కలిసికొనిరి. పదునైదు నిమిషములు మాత్రమే కూర్చుందునని వచ్చిన వైద్యుడు రాత్రి పదకొండు దాటువరకు లేవలేదు. వచ్చినవాడు బోధింపలేదు, తన పతనమును చెప్పుకొని, నీ తోడు నాకే కావలెనని అడిగెను.

అటుపిమ్మట వైద్యుడు మరియొకసారి పడెను. పడినవానిని వారు త్రోసివేయలేదు. 1935 జూన్ 10న త్రాగినదే ఆయన కడసారి. ఆ నెలలోనే ఇద్దరును ఆసుపత్రిలోని మూడవవానిని వెదకి వెళ్లిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము ఇట్లు పుట్టెను. ఆ మొదటి దినములలో కొండమీది ప్రసంగమును, యాకోబు పత్రికను, ప్రేమను గూర్చిన కొరింథీ అధ్యాయమును వారు విశేషముగా చదువుచుండిరి. 1939 మొదలుకొని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి, సుమారు 5,000 మంది రోగులకు రుసుము తీసికొనక వైద్యుడు సేవచేసెను. 1950 నవంబరు 16న నిద్రించెను.

తాను పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించుమని పౌలు నేర్పినది ఇదియే గదా! ఆదరించువాడు పండితుడు కానక్కరలేదు. ఆ గాయము ఎరిగినవాడైన చాలును.

ఈ సహవాసము 1957లో బొంబాయిలో ఆరంభమై, మన దేశమందును నడచుచున్నది. రుసుము లేదు, ఊరు పేరు బయటికి చెప్పరు, త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటే అర్హత. దగ్గరి కూటము ఎక్కడనో తెలియనివారు, 14446 అను ఉచిత ప్రభుత్వ ఫోను నెంబరునకు గాని, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగమునకు గాని వెళ్లి విచారింపవచ్చును. చాలకాలము అధికముగా త్రాగినవారు ఒక్కసారిగా మానిన యెడల మూర్ఛలు, ప్రాణాపాయము కలుగవచ్చును. గనుక మొదట వైద్యునికి చూపించుకొనవలెను.

మన ఊరిలో అట్టి కూటము లేదని నిరాశపడవద్దు. ఏక్రన్‌లో మొదట ఇద్దరే యుండిరి. మన సంఘములో త్రాగుడు మానిన పెద్దలు ఉన్నారు. సిగ్గుచేత ఆ మాట ఎత్తరు. అయ్యా, మీ సాక్ష్యము కొరకు ఒక చిన్నవాడు ఈ రాత్రి కనిపెట్టుచుండునేమో! మీలో ఒకరు ముందుకు వచ్చినయెడల, ఆలయపు ప్రక్కగది తాళము ఇచ్చెదము. మేము వెలుపలనే కూర్చుండి ప్రార్థించెదము. ఎవడైనను అర్ధరాత్రి మా తలుపు తట్టినచో, టంక్స్ పాదిరివలె విసుగుకొనక లేచుటకు ప్రభువు మాకు కృప దయచేయును గాక. ఆమేన్.