కాలువ త్రవ్వించిన క్లౌ దొరగారు

ఒంగోలు క్లౌ దొరగారి పేరు వినని తెలుగు బాప్తిస్టు ఇల్లు ఉండదు. ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి మన సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే ఆయన వలస కుటుంబంలో పెరిగారనీ, భూములు కొలిచే పని చేశారనీ, కొంతకాలం కాలువ కంట్రాక్టరుగా కూడా ఉన్నారనీ చాలామందికి గుర్తుండదు. బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచి బెంగుళూరు చేరిన మనకు ఆ భాగమే దగ్గరగా ఉంటుంది. కనుక దాన్నే ఎక్కువగా వ్రాస్తున్నాను.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. ఆ రోజుల్లో అక్కడి రైతులు కొత్త నేలలు వెదుక్కుంటూ పడమటికి తరలిపోయేవారు. వీరి కుటుంబం కూడా అలాగే కదిలి అయోవా చేరింది. యౌవనంలో ఆయన మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే పనిలో చేరి, మనుష్యసంచారం లేని చోట్ల భూములు కొలిచారు. ఆ నేలలు నిజానికి డకోటా జాతివారివి. 1851 ఒప్పందాలతో వారిని ప్రక్కకు నెట్టిన తర్వాతనే అక్కడ సర్వే గొలుసులు పడ్డాయి. ఒకరి వలస మరొకరికి నిర్వాసం కావడం మనకూ తెలియని సంగతి కాదు.

తర్వాత ఆయన మారుమనస్సు పొంది, చదువు ముగించి, భార్యతో కలిసి ఓడ ఎక్కి 1865లో ఇండియా చేరారు. 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది.

ఆ సంఘం ఎలా పెరిగిందో తెలియాలంటే ఆ నేలను చూడాలి. తూర్పున సముద్రం. పడమర కనిగిరి, మార్కాపురం వైపు వానలు తక్కువైన మెట్ట. పశువులున్నచోట తోళ్ళుంటాయి. తోళ్ళపని మాదిగవారిది. చెప్పులు, మోట తోళ్ళు, వారులు కుట్టి రైతుకు ఇస్తే కళ్ళంలో గింజలు కొలిచేవారు. ఆ కట్టుబాటు మనిషిని ఊరికి కట్టివేసేది. తోళ్ళ బేరం చేసేవాడు మాత్రం ఊరూరా తిరిగేవాడు. యర్రగుంట్ల పేరయ్యగారు అటువంటివారు. బేరం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఆయన సువార్త విన్నారు. ఒంగోలుకు నలభై మైళ్ళ పడమరనున్న తన పల్లెకు తిరిగివచ్చి బంధువులకు చెప్పారు. అంటే దొరగారు వెళ్ళకముందే దారి పడి ఉంది. పేరయ్యగారి వర్తకం, వియ్యాలు, చుట్టరికాలు ఏ దారుల్లో సాగాయో సువార్త కూడా ఆ దారుల్లోనే నడిచింది. దొరగారి గొప్పతనం ఆ దారులను గుర్తించి, వాటివెంట వెళ్ళడంలో ఉందని నాకనిపిస్తుంది.

దానికి ఆయన వెల చెల్లించవలసి వచ్చింది. ఒంగోలులో పై కులాలవారు మొదట ఆయనను ఆదరించి పిల్లలను బడికి పంపారు. మాదిగవారిని చేర్చుకుంటే మేము రాము అని తర్వాత తెగేసి చెప్పారు. ఆ దినం దొరగారు ఒక గదిలో, దొరసానిగారు వేరొక గదిలో బైబిలు తెరువగా, ఒకరికొకరు తెలియకుండానే ఇద్దరికీ మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయంలో పిలుపును గూర్చిన భాగమే కనబడిందని చెబుతారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. మాదిగవారు సంఘంలోనే ఉన్నారు.

1876లో కరువు వచ్చింది. ఈ కరువు మన బెంగుళూరును కూడా వదలలేదు. 1871లో యాభై లక్షలు దాటిన మైసూరు సంస్థానపు జనాభా 1881 నాటికి దాదాపు 42 లక్షలకు పడిపోయింది. బెంగుళూరుకు 1864లోనే రైలు వచ్చింది. ఒంగోలుకు రైలు లేదు. కరువు పనిగా ప్రభుత్వం మద్రాసు నుండి ఉత్తరానికి పోయే బకింగ్‌హాం కాలువను పొడిగించి కృష్ణా కాలువలతో కలపడానికి పూనుకుంది. అయితే పైవారి తిట్లకు, దెబ్బలకు భయపడి మాదిగవారు ఆ పనులకు పోవడానికి జంకేవారు. అప్పుడు క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని తానే కంట్రాక్టుకు తీసుకున్నారు. కొలతల పని తెలిసిన చేయి గదా! బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వందల పల్లెలవారు ఒక్కచోట చేరారు. గంపలు దించి కూర్చున్నవేళ బోధకులు వారితో మాట్లాడేవారు. ఎన్నడూ ఒకరినొకరు చూడని పల్లెలు ఆ కాలువ గట్టునే కలిశాయి.

బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని పనులు, సహాయం నడిచినంతకాలం ఆపారు. 1878 జూలై నెలలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద రెండవ తేదీన 614, మూడవ తేదీన 2,222, నాల్గవ తేదీన 700 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో దిగింది దొరగారు కాదు, మన తెలుగు బోధకులు. ఆరుగురు ఉండగా ఇద్దరిద్దరు వంతులవారీగా ఇచ్చారు. దొరగారు గట్టుమీద ఉన్నారు.

అయినా బియ్యపు క్రైస్తవులనే నింద పడింది. నేటికీ అక్కడక్కడ పడుతూనే ఉంది. కరువుకూ ఆ బాప్తిస్మాలకూ సంబంధం లేదనడం నిజం కాదు, కరువే సంఘాన్ని పుట్టించిందనడమూ నిజం కాదు. పేరయ్యగారు కరువుకు పదేళ్ళ ముందే బాప్తిస్మం పొందారు. ఆకలి తీరిన తర్వాత కూడా ఈ జనం వెనక్కి పోలేదు. చచ్చిన గొడ్డు మాంసం, డప్పు, ఆదివారపు వెట్టి మానినందుకు ఊళ్ళో ఎన్ని ఇబ్బందులు పెట్టినా నిలిచారు.

దొరగారు ఇంకా ఒంగోలులో ఉన్నప్పుడే, 1903లో, జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నేటాలులో కూలికి కుదిరిన తెలుగువారి యొద్దకు మిషనెరీగా ఓడ ఎక్కారు. ఆయనను పంపింది తెలుగు సంఘాలే. క్లౌ దొరగారు మాత్రం చివరి సంవత్సరాల్లో కాలు విరిగి నడవలేక, 1910లో అమెరికాకు తిరిగి వెళ్ళి, అదే నవంబరు 24న రోచెస్టరులో ప్రభువునందు నిద్రించారు. ఆయన త్రవ్వించిన కాలువలో ఉప్పు, ధాన్యం, కట్టెల పడవలు ఆ తర్వాత కూడా అనేక సంవత్సరాలు మద్రాసుకు నడిచాయి.