మతాచార్యుడు గ్రెగ్వార్

ఆన్రి గ్రెగ్వార్ 1750 డిసెంబరు 4న ఫ్రాన్సు దేశంలోని లొరేన్ ప్రాంతంలో ఒక చిన్న పల్లెలో జన్మించాడు. తండ్రి దర్జీ. గ్రెగ్వార్ చదువుకొని క్రైస్తవ మతగురువయ్యాడు. ఎంబెర్మెనిల్ గ్రామ చర్చిలో పనిచేస్తూ అక్కడి రైతుల కోసం గ్రంథాలయం నెలకొల్పాడు.

ఆ రోజుల్లో ఫ్రాన్సులోని యూదులకు పౌరహక్కులు లేవు. వారి స్థితిని మార్చాలని గ్రెగ్వార్ రాసిన వ్యాసానికి 1788లో బహుమతి వచ్చింది. మరుసటి ఏడు రాజు పదహారవ లూయీ ప్రతినిధుల సభను పిలిచాడు. అందులో మతగురువులు, ప్రభువులు, సామాన్యులు వేరువేరుగా కూర్చునేవారు. మతగురువుల తరఫున ఎన్నికైన గ్రెగ్వార్ తనవారిని విడిచి సామాన్యులతో చేరాడు. అలా చేరిన మొదటి కొద్దిమందిలో ఆయన ఒకడు.

1790 డిసెంబరులో మతగురువులు కొత్త చట్టానికి విధేయులమని ప్రమాణం చేయవలసి వచ్చింది. పోపు అధికారాన్ని తగ్గించే చట్టమది. సభలో మొదట ప్రమాణం చేసినవాడు గ్రెగ్వారే. తరువాత బిషప్పు అయ్యాడు. 1791లో యూదులందరికీ పౌరసత్వం లభించింది. 1792 సెప్టెంబరు 21న రాచరికాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనను ఆయన గట్టిగా బలపరిచాడు.

అయితే విప్లవం మతం మీదికే తిరిగింది. 1793 నవంబరులో పారిస్ బిషప్పు గోబెల్ సభ ఎదుట పదవి వదులుకున్నాడు. మరికొందరు ఆయన బాటనే పట్టారు. గ్రెగ్వార్‌ను కూడా అలాగే చేయమని ఒత్తిడి చేశారు. గిలటిన్ కింద రోజూ తలలు తెగిపడుతున్న కాలమది. అయినా ఆయన ఒప్పుకోలేదు. బిషప్పు దుస్తులతోనే సభకు వస్తూ ఉండేవాడు.

1794 ఫిబ్రవరిలో ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయింది. నల్లవారి హక్కుల కోసం గ్రెగ్వార్ ఏళ్ల తరబడి వాదించాడు. నెపోలియన్ 1802లో బానిసత్వాన్ని తిరిగి తెచ్చినా ఆయన వెనుకంజ వేయలేదు. నల్లజాతి రచయితల ప్రతిభను చాటుతూ 1808లో ఒక గ్రంథం ప్రచురించాడు.

ఇంతటివాడు భాషల విషయంలో మాత్రం మరోలా ఆలోచించాడు. 1790లో 43 ప్రశ్నలు పంపి, ఏ ప్రాంతంలో ఏ భాష మాట్లాడుతున్నారో తెలుసుకున్నాడు. కనీసం 60 లక్షల మందికి ఫ్రెంచి రాదని తేల్చాడు. చట్టం అర్థం కానివాడికి సమానత్వం ఎలా అందుతుందన్నది ఆయన బెంగ. బెంగ న్యాయమైనదే. కాని 1794 జూన్‌లో ఆయన చూపిన మార్గం స్థానిక భాషలను రూపుమాపి అంతటా ఫ్రెంచినే నిలపడం. చట్టాలను ప్రజల భాషల్లోకి అనువదించే పని ప్రభుత్వం 1790లోనే మొదలుపెట్టింది. ఆ దారి ఆయనకు చాలదనిపించింది. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష మాట్లాడే మనకు ఇందులోని లోటు ఇట్టే తెలుస్తుంది.

1831లో పారిస్‌లో ఆయన మరణశయ్యపై ఉన్నప్పుడు, పాత ప్రమాణాన్ని ఉపసంహరించుకుంటేనే అంత్యసంస్కారాలు జరిపిస్తామని ఆర్చిబిషప్పు పట్టుబట్టాడు. గ్రెగ్వార్ అంగీకరించలేదు. విప్లవ ద్విశతాబ్ది సంవత్సరమైన 1989లో ఆయన అవశేషాలను పారిస్‌లోని పాంథియోన్‌కు తరలించారు.