మృత్తికాశాస్త్ర జనకుడు దొకుచాయెవ్

రాజుల చరిత్రలును యుద్ధవీరుల చరిత్రలును మన పాఠ్యపుస్తకములలో కావలసినన్ని కలవు. కాలిక్రింది మన్నును గూర్చి జీవితమంతయు ఆలోచించినవారి చరిత్రలు మాత్రము అరుదు. అట్టివారిలో మొదట పేర్కొనదగినవాడు రష్యా దేశస్థుడగు వసీలీ వసీలియెవిచ్ దొకుచాయెవ్. నేలను గూర్చిన విద్య ఒక ప్రత్యేక శాస్త్రమై నిలుచుటకు ఈయనయే మూలపురుషుడు. చలిదేశపు అడవులలోను, ఎత్తైన కొండలమీదను కానవచ్చు బూడిదరంగు నేల యొకటి కలదు. ఆ నేలకును ఈయన జీవితమునకును బాల్యమునుండియు సంబంధమున్నది. కావున ఆ రెంటిని కలిపియే చెప్పెదము.

దొకుచాయెవ్ 1846వ సంవత్సరము మార్చి 1వ తేదీన స్మొలెన్స్క్ మండలములోని మిల్యూకొవో అను పల్లెలో జన్మించెను. తండ్రి ఆ యూరి చర్చిలో పురోహితుడు. సంసారము పెద్దది, రాబడి కొద్ది. అచ్చటి నేలయు రైతుకు ఉదారమైనది కాదు. అడవి నరికి దున్నినచోట పైనున్న పలుచని నల్లమన్ను క్రిందినుండి, పొయ్యిలోని బూడిదవలె తెల్లగానుండు మన్ను నాగటిచాలున పైకి వచ్చును. ఎరువు వేయనిదే అది పంట నీయదు. ఆ ప్రాంతపు రైతులు దానిని 'పోడ్జోల్' అనిరి. వారి భాషలో 'పోద్' అనగా క్రింద, 'జొలా' అనగా బూడిద. ఈ పల్లెమాటను మన పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

పురోహితుని కుమారుడు పురోహితుడగుట ఆనాటి ఆచారము. బాలుడు వ్యాజ్మ పట్టణములోని మతపాఠశాలలోను, పిదప స్మొలెన్స్క్‌లోని మతవిద్యాలయములోను చదివెను. 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమునకు పోయి ఉన్నత మతవిద్యాపీఠమున చేరెను గాని, కొద్ది వారములకే దానిని విడిచి విశ్వవిద్యాలయములో ప్రకృతిశాస్త్రముల తరగతిలో ప్రవేశించెను. ఇంటినుండి ధనము వచ్చు దారి లేదు. ఇతర బాలురకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు 1871లో పట్టము పొందెను. ఆ పట్టమునకై ఆయన వ్రాసిన వ్యాసము తన యూరి ప్రక్క పారు కాచ్నా అను చిన్న యేటి ఒండ్రును గూర్చినది. లోకమున ఎన్నియో మహానదులుండగా తన పల్లె యేటినే పరిశోధనకు ఎన్నుకొన్న ఈ యువకునిపై మాకు ప్రత్యేకాభిమానము కలదు.

తొలుత ఆయన చదివినది భూగర్భశాస్త్రము. 1875లో ఐరోపా రష్యా యొక్క నేలల పటమును తయారుచేయు పనిలో సహాయకుడుగా చేరెను. పటమున రంగులు పూయుటకు ముందు ఏ నేలను ఏ పేర పిలువవలెనో తెలియవలయును గదా! ఆ సంగతి ఎవరికిని స్పష్టముగా తెలియదు. ఒక మండలమువారు నల్లనేల యన్నదానిని వేరొక మండలమువారు బూడిదనేల యనుచుండిరి. రసాయన పండితులకు నేల యనగా పైరుకు ఆహారమిచ్చు పదార్థముల మిశ్రమము. భూగర్భ పండితులకు అది రాతిమీద పేరుకొన్న పొడి. నేల తనంతట తానుగా ఏమిటి అన్న ప్రశ్నను వేసినవారు లేరు.

1877లోను 1878లోను దొకుచాయెవ్ దక్షిణ రష్యాలోని నల్లనేలల ప్రాంతమంతయు సంచరించెను. పదివేల కిలోమీటర్లకు మించిన ప్రయాణమది. పోయిన చోటనెల్ల గోతులు త్రవ్వించి, గోతి ప్రక్కగోడను పైనుండి క్రిందివరకు పరీక్షించి, పొరపొరకును కొలత వ్రాసికొనెను. 'చెర్నోజెమ్' అను ఆ నల్లనేల పూర్వకాలపు సముద్రపు బురద యని కొందరును, ఎండిపోయిన చిత్తడినేలల శేషమని మరికొందరును చెప్పుచుండిరి. ఈయన రెంటిని కాదనెను. స్టెప్పీ మైదానములందలి గడ్డి ఏటేట చచ్చి, దాని వేళ్లు మట్టిలోనే మురిగి, తగుమాత్రపు వానలో కొట్టుకొనిపోక నిలిచిపోవుటచే ఆ నలుపు వచ్చినదని నిరూపించెను. 1883లో ప్రకటింపబడిన 'రష్యన్ చెర్నోజెమ్' అను గ్రంథము ఈ పరిశ్రమకు ఫలము.

ఆ గ్రంథములోని ముఖ్యసిద్ధాంతము వినుటకు సులభము. నేల యొక చచ్చిన పొడి కాదు. చెట్టువలె, జంతువువలె తనకొక పుట్టుకయు పెరుగుదలయు గల ప్రకృతి వస్తువు. దాని పుట్టుకకు ఐదు కారణములు: అడుగునున్న రాయి, ఆ చోటి శీతోష్ణస్థితి, చెట్టుచేమలును జీవులును, నేల యొక్క ఎత్తుపల్లములు, గడచిన కాలము. వీనిలో ఒకటి మారినను నేల మారును. కావున రంగు నొక్కదానిని చూచి నేలకు పేరు పెట్టరాదు. దీనికి దృష్టాంతము మన దగ్గరనే కలదు. ఆంగ్ల గ్రంథములలో 'రేగర్' అని కానవచ్చు పేరు మన రేగడి మాటనుండి వచ్చినదని చెప్పుదురు. మన నల్లరేగడియు రష్యా చెర్నోజెమును చూపునకు అక్కచెల్లెండ్రవలె నుండును. కాని చెర్నోజెములో ఆకులలములు మురిగి యేర్పడిన సారము విస్తారము. రేగడిలో అది కొద్ది. ఎండకు బీటలువారి వానకు ఉబ్బు బంకమన్ను రేగడికి ప్రాణము. నలుపు ఒకటే, జన్మము వేరు.

ఇక పోడ్జోల్ సంగతి. తన బాల్యమున చూచిన ఆ బూడిదనేలను దొకుచాయెవ్ శాస్త్రదృష్టితో పరిశీలించి, రైతులు పెట్టిన పేరునే శాస్త్రములోనికి తెచ్చెను. తరువాతి పరిశోధకుల కృషివలన దాని లక్షణములు నేడు మనకు బాగుగా తెలియును. చలి అడవిలో ఫర్, స్ప్రూస్, పైన్ మొదలగు చెట్ల సూదులవంటి ఆకులు రాలి నేలపై మెత్తని పరుపుగా ఏర్పడును. చలిచే అవి త్వరగా కుళ్లవు. వానపాములకు అచ్చట నివాసము కష్టము. మెల్లమెల్లగా కుళ్లుచున్న ఆ యాకులనుండి ఆమ్లములు పుట్టును. వాననీరును కరగిన మంచునీరును ఆ ఆమ్లములతో క్రిందికి దిగుచు, మట్టిలోని ఇనుమును అల్యూమినియమును తమతో తీసికొనిపోవును. కరగని ఇసుకరేణువులు మాత్రము ఉన్నచోటనే మిగులును. అదియే ఆ తెల్లని పొర. ఒకచోట బెత్తెడు, మరియొకచోట మూరెడు మందముండును. కొట్టుకొనిపోయిన ఇనుము దాని క్రింద చేరి త్రుప్పురంగు పొరయగును. కొన్ని తావుల అది గట్టిపడి చెట్టువేళ్లకు కూడ అడ్డుపడును. అడుగున మార్పులేని మూలమన్ను. బూడిద పేరేగాని అందు బూడిద రవ్వంతయు లేదు. పొయ్యిబూడిద పులుపును విరుచును. ఈ నేల స్వయముగా పులుపునేల. అందుచేతనే సున్నము చల్లి దానిని బాగుచేయుదురు.

1882 మొదలు నిజ్నీ నోవ్‌గరొద్ మండలములోను, 1888 మొదలు పొల్తావా మండలములోను దొకుచాయెవ్ శిష్యులతో కూడి నేలలను వర్గీకరించెను. భూమిపన్నును న్యాయముగా నిర్ణయించుటకై అచ్చటి స్థానిక సభలు ఈ పనిని అప్పగించెను. చవుడునేల రైతును సారవంతమైన నేల రైతును సమముగా పన్ను అడుగుట ఎంత అన్యాయమో వేరుగా చెప్పనక్కరలేదు. మొదటి మండలపు నివేదిక 14 సంపుటములు, రెండవదానిది 16. సిబీర్త్సెవ్, వెర్నాద్‌స్కీ, గ్లీంకా మొదలగు శిష్యులు ఈ గోతుల ప్రక్కనే శాస్త్రము నేర్చిరి.

1891లో రష్యాలో ఘోరమైన అనావృష్టి కలిగెను. లోకములోకెల్ల సారవంతమైనవని పేరుపొందిన ఆ నల్లనేలల మండలములలోనే పంటలు మాడిపోయెను. మరుసటి సంవత్సరము కలరా తోడయ్యెను. లక్షలకొలది జనులు మరణించిరి. నేల మంచిదైనను జనులేల పస్తులుండిరి? దొకుచాయెవ్ దీనికి సమాధానముగా 1892లో ఒక గ్రంథము వ్రాసి, దాని రాబడిని కరవుబాధితులకే ఇచ్చెను. గడ్డి దున్నివేసి, అడవులు నరికి, కాలువగట్లు తెగనిచ్చి, నీటిని నిలుపు శక్తిని మనుష్యులే పోగొట్టిరని ఆయన అభిప్రాయము. మాటలతో ఊరకుండక వొరోనెజ్ మండలములోని కమెన్నయా స్టెప్ అను చోట వరుసలుగా చెట్లు నాటించి, చెరువులు కట్టించి ప్రయోగము లారంభించెను. గాలిని ఆపు ఆ చెట్లవరుసలు నేటికిని అచ్చట నిలిచియున్నవి.

అదే కాలమున నోవో-అలెక్సాండ్రియాలోని వ్యవసాయ విద్యాలయమును సంస్కరించు భారమును వహించెను. ఆ యూరు నేడు పోలండు దేశమున పువావి యను పేర నున్నది. 1894లో అచ్చట ప్రత్యేక మృత్తికాశాస్త్ర శాఖ ఏర్పడి, సిబీర్త్సెవ్ దానికి ఆచార్యుడయ్యెను. ఇన్ని పనులకు శరీరము తాళలేదు. 1895నుండి ఆయనకు నరముల జబ్బు ప్రారంభమయ్యెను. 1897లో భార్య అన్నా యెగొరొవ్నా మరణించెను. ఆమె బాలికల విద్యాలయమును నడపిన విదుషి. భర్త పరిశ్రమకు చేదోడుగా నుండినది. ఆ సంవత్సరమే ఆయన విశ్వవిద్యాలయోద్యోగమును విడిచెను.

ఇంతటితో ముగిసినదనుకొనదగిన ఆ జీవితములో, మా దృష్టికి, మిక్కిలి గొప్ప ఘట్టము దీని తరువాతనే వచ్చినది. కొంత కోలుకొని 1898లోను, దరిమిలా రెండు సంవత్సరములలోను ఆయన కాకసస్ పర్వతములకు ప్రయాణము చేసెను. మైదానములో ఉత్తరమునకు పోవుకొలది చలి హెచ్చును. కొండనెక్కుకొలదియు చలి హెచ్చును. అట్లయినచో, వందల క్రోసుల దూరమున వరుసగా మారు నేలలు ఒకే కొండమీద, మెట్లమీద మెట్లవలె, ఒకదానిపై నొకటి కానరావలెను గదా యని ఆయన ముందుగనే ఊహించియుండెను. కాకసస్‌లో అట్లే కానవచ్చెను. క్రింద ఎండుమైదానపు నేలలు, వానిపైన నల్లనేలలు, ఆపైన అడవినేలలు, అన్నిటికిని పైన మంచునకు దిగువ పచ్చికబయళ్ల నేలలు. తన ఐదు కారణముల సిద్ధాంతమునకు పర్వతమే సాక్ష్యమిచ్చెను. కొన్ని లోయలలో ఈ క్రమము తారుమారగుటను తరువాతివారు గమనించిరి గాని, మూలసూత్రము చెడలేదు. హిమాలయములలోని ఎత్తైన దేవదారు, ఫర్ అడవుల క్రింద కూడ పోడ్జోల్ లక్షణములు గల నేలలు కలవు.

1900లో ఆయన తన తుది వర్గీకరణమును సిద్ధపరచెను. మండలక్రమమునకు లోబడిన నేలలు మొదటి తరగతి: టండ్రా నేల, బూడిదరంగు పోడ్జోల్, అడవిస్టెప్పీ నేల, చెర్నోజెమ్, ఆపైన ఎడారి అంచు నేలలు, ఎడారి నేలలు, ఉష్ణదేశపు ఎర్రనేలలు. ఈ క్రమమునకు పూర్తిగా లోబడని చవుడు మొదలగునవి రెండవ తరగతి. ఏరు తెచ్చిన ఒండ్రు, గాలి తెచ్చిన ఇసుక వంటివి మూడవది. ఆ యేడే అభిమాన శిష్యుడు సిబీర్త్సెవ్ క్షయచే మరణించెను. జబ్బు మరల తిరగబెట్టగా దొకుచాయెవ్ 1903 నవంబరు 8వ తేదీన, 57వ యేట, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూసెను. భార్య సమాధి ప్రక్కనే ఆయనను పూడ్చిరి.

ఆయన భావములు రష్యా వెలుపల వ్యాపించుటకు గ్లీంకా 1914లో జర్మను భాషలో ప్రకటించిన గ్రంథము తోడ్పడెను. అమెరికా దేశపు మార్బట్ దానిని ఆంగ్లములోనికి తెచ్చెను. ఆ యనువాదము వెలువడిన 1927లోనే వాషింగ్టనులో మొదటి అంతర్జాతీయ మృత్తికాశాస్త్ర మహాసభ జరిగెను. అమెరికావారు నేలలకు సరిక్రొత్త పేర్లు కల్పించినపుడు ఈ నేలను స్పోడోసోల్ అనిరి. గ్రీకు భాషలో 'స్పోడోస్' అనగా బూడిదయే. నేల సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సున్నకును 8 సెంటిగ్రేడు డిగ్రీలకును నడుమనుండి, వేసవియు చల్లగానుండు చోట్ల ఆ నేలకు క్రయోడ్ అను ఉపనామము నిచ్చిరి. చలికొండల అడవినేలలు పెక్కు ఇందు చేరును. అంతర్జాతీయ వర్గీకరణము నందలి 32 నేలల జాబితాలో మాత్రము పోడ్జోల్, చెర్నోజెమ్ అను రైతుల మాటలే నిలిచినవి.

ఆయన సేకరించిన నేలల నమూనాలే ఆదిగా 1904లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ప్రదర్శనశాల వెలసెను. అది నేడు దొకుచాయెవ్ పేర నున్నది. భూమినుండి నిలువున కోసి తెచ్చిన మట్టిస్తంభములు అచ్చట పొడవైన పెట్టెలలో అమర్చబడియున్నవి.